ఎగ్మోర్ మ్యూజియంలో మన అమరావతి

చెన్నైలో ఉన్న అమరావతి శిల్పాలు చూడాలని నాన్న ఎన్నాళ్ళనుంచో అంటుంటే ఈసారి ముగ్గురం బయలుదేరాం. రైలు ప్రయాణం హాయిగా గడిచింది. ఒళ్ళు మండించింది ఎగ్మోర్ స్టేషన్ దగ్గరి లాడ్జివాడే. ఫోన్‌లో ఏసీ గది 1,800 అన్నవాడు, సామాను పైకి చేర్చాక 2,300 అన్నాడు. అదనపు పరుపుకి ఇంకో 400. ఆ పరుపంతా చెమట కంపు. తెల్లవారుజామున చుక్క నీళ్ళు లేవు. కిందికెళ్ళి అడిగితే "మోటారు ఆరింటికే" అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. మా ఆవిడ పొద్దున్నంతా నాతో మాట్లాడలేదు. స్టేషన్ పక్కనే కదా అని తొందరపడకండి. గది కళ్ళారా చూసి, రేటు కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

పాంథియన్ రోడ్డులో మ్యూజియం దాకా మేం వెళ్ళినప్పుడు ఆటో 100, టికెట్టు మనిషికి 15 అయ్యాయి. అమరావతి గ్యాలరీలో మొదటి ఫలకం చూడగానే నాన్న "ఇది మన పల్నాటి రాయేరా!" అన్నారు. మాచర్ల నాపరాళ్ళ మధ్య పెరిగిన మనిషి, ఆ లేత ఆకుపచ్చ ఛాయ ఇట్టే పట్టేశారు.

ఈ గ్యాలరీ ఒక్కసారిగా నిండింది కాదు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ అమరావతి వెళ్ళేనాటికే స్తూపం దిబ్బ తవ్వి రాళ్ళు పట్టుకుపోతున్నారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరేటప్పటికి మ్యూజియమే లేదు. అది మొదలైంది 1851లో. పాపం, ఏళ్ళ తరబడి అవి ఎండకీ వానకీ ఆరుబయటే పడి ఉన్నాయి. 1859లో 121 రాళ్ళను లండన్‌కి ఓడెక్కించారు. 1880ల తొలినాళ్ళలో పురావస్తు శాఖవాడు జేమ్స్ బర్జెస్ తవ్వకాల్లో దొరికినవి వచ్చి కలిశాయి. అప్పట్లోనే శిల్పాల్ని సిమెంటుతో గోడలకి బిగించేశారు. రెండువేల ఏళ్ళనాటి పనితనాన్ని అలా గోడకి అతికించాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, తలచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం దగ్గరే మేం ఎక్కువసేపు నిలబడ్డాం. ఒకే వలయంలో ఎడమవైపు ఏనుగు మదమెక్కి మనుషుల్ని తొక్కుతుంటే, కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. పైన కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు. భయంతో పక్కవాణ్ణి పట్టుకున్న ఆడమనిషిని మొదట చూసింది మా ఆవిడే. "ఇటు చూడండి" అంటూ నా చెయ్యి లాగింది. పొద్దుటినుంచీ ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

కంచు విగ్రహాల భవనం వేరే ఉంది. తిరువాలంగాడులో దొరికిన చోళుల నాటి నటరాజు కోసమైనా వెళ్ళాల్సిందే. జంతువుల అస్థిపంజరాల వైపు మేం వెళ్ళలేదు. పిల్లలుంటే సరే, లేకపోతే ఆ సమయం కూడా శిల్పాలకే ఇవ్వండి. శుక్రవారం సెలవు. గుంటూరు వైపునుంచి వెళ్ళేవాళ్ళు ముందు అమరావతిలో మిగిలిన దిబ్బనీ అక్కడి మ్యూజియాన్నీ చూసి, ఆ తర్వాతే చెన్నై రైలెక్కండి.