ఫ్రాన్స్ పల్లెల్లో “బండ్లు లేని దారి” సైకిల్ టూర్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

బండ్లు తిరగని దారి, చదును నేల, రెండు వైపులా పొలాలు, రోజుకు 35 కిలోమీటర్లు. ఇలా చెప్పి అమ్మిన టూర్‌లో రెండో రోజు పొద్దున్నే మేము లారీల పక్కన సైకిల్ తొక్కాం. నలుగురికి కలిపి 4,600 యూరోలు కట్టాం. తిరిగి వచ్చింది సున్నా. సంస్థ పేరు ఇక్కడ రాయను. ఒక్క సంస్థ పేరు చెబితే మిగతావన్నీ మంచివని అనుకునే ప్రమాదం ఉంది. పేరు కన్నా వాళ్ళు ఎలా అమ్ముతారో తెలుసుకోవడం ముఖ్యం.

ముందు మా సంగతి. నేను, మా ఆవిడ, మా తోడల్లుడు (అన్నయ్య అని పిలుస్తాను), ఆయన భార్య మా వదిన. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ వచ్చాక ఆదివారాలు అక్కడ తొక్కడం అలవాటైంది. అన్నయ్యకి అక్కడే ఫ్రాన్స్ పిచ్చి పట్టుకుంది. వదినకి మోకాళ్ళ నొప్పులు, అందుకని ఆమెకు ఎలక్ట్రిక్ సైకిల్ కావాలని ముందే చెప్పాం. దానికి 180 యూరోలు అదనం. గైడ్ ఉండడు, సామాను వ్యాన్‌లో తరవాతి హోటల్‌కి చేరుస్తారు, మనం ఫోన్‌లో దారి చూసుకుంటూ తొక్కుకోవాలి. అలాంటి టూర్ అది. 2025 మే 5, సోమవారం నాడు దక్షిణ బుర్గుండీలోని షాలోన్ సుర్ సోన్‌లో మొదలుపెట్టాం.

మేము ఎంచుకున్న ప్రాంతంలో తప్పేమీ లేదు. అక్కడ జీవ్రీ నుంచి క్లూనీ దాకా పాత రైలు పట్టాలు తీసేసి, ఆ కట్ట మీదే 1997లో సైకిల్ దారి వేశారు. 44 కిలోమీటర్లు. ఫ్రాన్స్‌లో “వ్వా వెర్త్” అనే పచ్చదారుల్లో మొదటిది అదే. రైలు నడిచిన కట్ట కాబట్టి పెద్ద ఎత్తులు ఉండవు. మోటారు బండ్లు రాకూడదు. నీలం పలక మీద సైకిల్, నడిచే మనుషుల బొమ్మలు కనిపిస్తే అది వ్వా వెర్త్ అని అర్థం. మాకు వచ్చిన బ్రోషర్‌లో పెద్ద ఫోటో ఈ దారిదే.

మేము గమనించనిది ఏంటంటే, అదే బ్రోషర్‌లో ఇంకోచోట “వెలోరూత్” అని రాసి ఉంది. రెండూ ఒకటే అనుకున్నాం. కావు. వ్వా వెర్త్ అంటే బండ్లు లేని దారి. వెలోరూత్ అంటే సైకిల్ గుర్తులు పెట్టిన ప్రయాణ మార్గం మాత్రమే. అందులో కొంత పచ్చదారి ఉండొచ్చు, కొంత కార్లు తిరిగే మామూలు రోడ్డు ఉండొచ్చు. అమ్మేవాళ్ళు అబద్ధం ఆడక్కర్లేదు. మొదటి దాని ఫోటో పెట్టి, రెండోదాని పేరు రాస్తే చాలు.

మొదటి రోజు షాలోన్ నుంచి బ్యుక్సీ దాకా హాయిగా సాగింది. ద్రాక్ష తోటలు, ఆవపూల లాంటి పసుపు పువ్వులతో నూనెగింజల చేలు. సోమవారం కావడంతో ఊళ్ళో చాలా కొట్లు మూసే ఉన్నాయి. హోటల్ వంటగదికి కూడా ఆ రోజు సెలవేనట. ఆ ముక్క మాకెవరూ చెప్పలేదు. వదిన తెచ్చిన పులిహోర పొడి, ఎలక్ట్రిక్ కెటిల్‌లో ఉడికించిన అన్నం మమ్మల్ని కాపాడాయి. కెటిల్‌లో అన్నం ఎలా ఉడుకుతుందని అడక్కండి, ఉడికింది.

రెండో రోజు బ్యుక్సీ నుంచి కోర్మతాన్ వెళ్ళాలి. ఫోన్‌లో వాళ్ళిచ్చిన జీపీఎక్స్ ఫైల్ (మ్యాపు యాప్‌లో దారి చూపించే ఫైల్) తెరిచి బయలుదేరాం. పది నిమిషాల్లో డీ 981 అనే రోడ్డు ఎక్కించింది. షాలోన్ నుంచి క్లూనీకి కార్లు, లారీలు వెళ్ళే రోడ్డు అది. అక్కడి లారీ డ్రైవర్ల తప్పేమీ లేదు. ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు ఒకటిన్నర మీటరు దూరం ఉంచాలని చట్టం, ఎక్కువమంది ఉంచారు. అయినా పక్కనుంచి లారీ వెళ్ళాక వచ్చే గాలి తోపుకి హ్యాండిల్ ఊగుతుంది కదా. వదిన రెండుసార్లు దిగిపోయింది. అప్పుడు పొదల అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, చిన్నపిల్లలు కాలితో తోసే బొమ్మ స్కూటర్ల మీద ఆడుకుంటూ వెళ్తున్నారు. మా ఆవిడ అంది, “ఆ పిల్లలు వెళ్తున్న దారిలో మనమెందుకు వెళ్ళట్లేదు?”

అదే వ్వా వెర్త్. ఫోటోలో ఉన్న దారి. డబ్బు కట్టి మేము రోడ్డు మీద ఉన్నాం, ఊరి పిల్లలు ఊరికే దాని మీద ఉన్నారు.

ఆ రాత్రి అన్నయ్య ఫైల్ విప్పి చూశాడు. అందులో దారి లేదు, ఆరు చుక్కలు ఉన్నాయి, ఆరు హోటళ్ళు. జీపీఎక్స్ ఫైల్‌లో దారి ముఖ్యంగా రెండు రకాలుగా ఉంటుంది. నిజంగా ఎవరో తొక్కిన దారి అయితే వేల చుక్కలుంటాయి, దాన్ని ట్రాక్ అంటారు. నాలుగైదు చోట్లు మాత్రమే గుర్తు పెట్టి, మధ్యలో దారి ఏదో ఫోన్‌లోని యాప్‌నే వెతుక్కోమంటే అది రూట్. మా యాప్ దగ్గరి దారి వెతికి మమ్మల్ని పెద్ద రోడ్డు ఎక్కించింది. అంటే ఆ టూర్‌ని అమ్మినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ దారిన సైకిల్ తొక్కి ఉండరని నా అనుమానం. కొనేముందు ఒక రోజు ఫైల్ పంపమని అడగండి. తెరిస్తే చుక్కలెన్నో తెలిసిపోతుంది. పంపం అంటే అక్కడే ఆగిపోండి.

మూడో రోజు ఫైల్ పక్కన పెట్టేసి పచ్చదారి పట్టాం. కోర్మతాన్ నుంచి క్లూనీకి పదమూడు కిలోమీటర్లు. ఈ టూర్‌లో నాకు నచ్చిన పూట ఇదే. షారోలే జాతి తెల్లటి ఆవులు గడ్డిలో పడుకుని మమ్మల్ని చూసి కూడా లేవలేదు. తెజే మఠం ఉన్న గుట్ట పక్క నుంచి వెళ్ళాం. క్లూనీలో 910లో మొదలైన మఠం ఉంది. రోమ్‌లో సెయింట్ పీటర్స్ కట్టేదాకా క్రైస్తవ లోకంలో అంత పెద్ద చర్చి లేదట. ఫ్రెంచి విప్లవం తర్వాత దాన్ని పడగొట్టి రాళ్ళు అమ్ముకున్నారు, ఇప్పుడు చిన్న భాగమే మిగిలింది. అంత పెద్ద గుడినే రాళ్ళ లెక్కన అమ్మేసినప్పుడు మాకు ఆరు చుక్కలు అమ్మడం ఏపాటి అని అన్నయ్య అన్నాడు.

సాయంత్రం క్లూనీలో హోటల్ దగ్గరికి వెళ్తే మా పేరు మీద గదులు లేవు. మే 8 సెలవు దగ్గర పడి ఊరంతా నిండిపోయింది. మా సామాను పద్నాలుగు కిలోమీటర్ల అవతల, గుట్ట మీద ఉన్న ఇంకో ఊళ్ళో దింపారట. ఆ సంగతి మెయిల్‌లో పంపారు, మేము తొక్కుతుంటే. మెయిల్ చూసుకునేసరికి ఆరు దాటింది.

మే 8 అక్కడ జాతీయ సెలవు, రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచిన రోజు. ఉదయం తెరిచిన బేకరీ మధ్యాహ్నానికి మూసేసింది. అన్నయ్య చక్రం పంక్చరయింది. కిట్‌లో ట్యూబ్ ఉంది, పంపూ ఉంది. కానీ ట్యూబ్‌కి సన్నటి ప్రెస్టా వాల్వు, పంపు మన కార్లకు ఉండే లావు వాల్వుకి. రెండూ కలవవు. వాళ్ళిచ్చిన అత్యవసర నంబరుకి ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ఫ్రెంచిలో ఏదో చెప్పింది. ట్రాక్టర్ మీద వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి, ఇంటికెళ్ళి పంపు తెచ్చిచ్చాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి ఊపేశాడు. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో కూడా ఆయనే చూపించాడు. ఊరి శ్మశానంలో కుళాయి ఉంటుంది. “ఓ పొతాబ్ల్” అని రాసి ఉంటే తాగొచ్చు, “నాన్ పొతాబ్ల్” అంటే వద్దు. మనకి కాస్త ఎలాగో అనిపించినా, అక్కడ సైకిలిస్టులకు ఇది మామూలే.

మర్నాడు తూర్న్యూకి. బ్రోషర్‌లో “మెల్లగా ఎగుడుదిగుడు” అని ఉంది. దారిలో బ్రాన్సియోన్ కనుమ ఎక్కాలి. కనుమ అన్నప్పుడే అనుమానం రావాల్సింది, మాకు రాలేదు. వదిన సైకిల్ బ్యాటరీ పాతది, సగంలోనే అయిపోయింది. బ్యాటరీ లేని ఎలక్ట్రిక్ సైకిల్ అంటే పాతిక కిలోల ఇనుము. నేనూ అన్నయ్యా వంతులేసుకుని తోసాం. వదిన నడిచింది, మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడమే నాకు ఎక్కువ భయమేసింది.

చివరి రోజు సోన్ నది ఒడ్డున తూర్న్యూ నుంచి షాలోన్‌కి, చదునుగా, నిశ్శబ్దంగా, కొంగలు చూసుకుంటూ వచ్చాం. బ్లూ దారి అని లక్సెంబర్గ్ సరిహద్దు నుంచి లియోన్ దాకా వచ్చే పెద్ద దారిలో ఒక ముక్క అది. నిజానికి మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి మొత్తం టూర్ ఇక్కడే పెట్టాల్సింది. ఫ్రాన్స్‌లో మేము కోరుకున్న దారులు ఉన్నాయి. మాకు అమ్మింది అవి కాదు.

చదునో కాదో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చని తర్వాత తెలిసింది. మిషలాన్ (Michelin) కంపెనీ రోడ్డు మ్యాపులో ఎర్ర గీత పెద్ద రోడ్డు, పసుపు గీత మధ్య రకం రోడ్డు, తెల్ల గీత చిన్న రోడ్డు. మనకి కావాల్సింది తెల్లవి. మ్యాపులో రోడ్డు గీత మీద బాణం గుర్తు ఒకటుంటే 5 నుంచి 9 శాతం వాలు, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే అంతకు మించి. రోడ్డు పక్కన ఆకుపచ్చ గీత ఉంటే అందమైన దారి అని అర్థం. నిశ్శబ్దమైన దారి అని కాదు. అందంగా ఉందని కార్లవాళ్ళూ అక్కడికే వస్తారు. అమ్మేవాళ్ళు కిలోమీటర్లు చెబుతారు, ఎత్తు చెప్పరు. ఏ రోజు ఎన్ని మీటర్లు ఎక్కాలో రాతలో అడగండి. 40 కిలోమీటర్లకి 400 మీటర్లు దాటితే మా వదిన లాంటి వాళ్ళకి చదును అని చెప్పకూడదని నా లెక్క.

ఇంకోటి, బ్రేకులు. మన సైకిళ్ళకి కుడి చేతి బ్రేకు ముందు చక్రానికి ఉంటుంది. అక్కడ మామూలుగా ఎడమ చేతిది ముందు చక్రానికి. దిగుడులో పాత అలవాటుతో ఎడమది గట్టిగా నొక్కితే తల కిందులవుతాం. సైకిళ్ళు దించిన అబ్బాయి ఈ మాట చెప్పలేదు, సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు. పార్కింగ్‌లో పావుగంట తిప్పి చూసుకున్నాకే సంతకం పెట్టండి.

ఇక డబ్బు. అడ్వాన్సు పోను మిగతా సొమ్ము బ్యాంకు బదిలీ చేస్తే 3 శాతం తగ్గిస్తామన్నారు, సంతోషంగా చేశాం. క్రెడిట్ కార్డు అయితే బ్యాంకు దగ్గర వివాదం వేయడానికి దారి ఉండేది. బిల్లులు కూడా హోటల్‌కి ఒకటి, సైకిళ్ళకి ఒకటి, సామాను వ్యానుకి ఒకటి అని విడివిడిగా ఇచ్చారు. యూరప్‌లో ప్యాకేజీ టూర్లకు 2015/2302 అనే యూరోపియన్ యూనియన్ నిర్దేశం (చట్టం లాంటిది) ఉంది. చెప్పినట్టు జరగకపోతే ధర తగ్గించమని అడిగే హక్కు దాని ప్రకారం ఉంటుంది. మేము అదే అడిగితే, “మీది ప్యాకేజీ కాదు, మూడు వేర్వేరు సేవలు” అన్నారు. ఫ్రాన్స్‌లో టూర్లు అమ్మేవాళ్ళు అతూ ఫ్రాన్స్ అనే సంస్థ దగ్గర నమోదు కావాలి, ఆ నంబరు ఐఎం (IM) అక్షరాలతో మొదలవుతుంది. మా దగ్గరున్న కాగితాల్లో ఎక్కడా అది కనపడలేదు. ఉంటే పబ్లిక్ రిజిస్టర్‌లో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోవద్దు, అది ఆసుపత్రి ఖర్చులకి.

మా తప్పు కూడా ఉంది, దాచను. రెండో రోజే మెయిల్ పెట్టి ఉండాల్సింది. ఏదైనా తేడా జరిగితే ఆలస్యం చేయకుండా చెప్పాలని ఆ నిర్దేశంలోనే ఉంది. మేము “సెలవు పాడు చేసుకోవడమెందుకు” అని ఊరుకుని, హైదరాబాద్ వచ్చాక పేజీలకు పేజీలు రాశాం. “అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అని ఒక్క లైను జవాబిచ్చారు. తర్వాత మరో టూర్ మీద 10 శాతం కూపన్ పంపారు.

సొంతంగా వెళ్ళేవాళ్ళు హోటల్ వెతికేటప్పుడు “అక్కై వెలో” గుర్తు ఉందా చూడండి. సైకిల్ దారికి 5 కిలోమీటర్లలోపు ఉండి, సైకిళ్ళు తాళం వేసి పెట్టే చోటు, రిపేరు సామాను ఉన్నవాటికే అది ఇస్తారు. మేము తిరిగిన వ్వా వెర్త్, నది ఒడ్డు భాగాల ట్రాక్ అన్నయ్య రికార్డు చేశాడు. కావాల్సినవాళ్ళు అడగండి, పంపుతాను. అందులో చుక్కలు ఆరు కాదు, పదకొండు వేల పైచిలుకు.