వంద వదిలి నలభైకి దిగాను: మా ఇంటి కొత్త ఫైబర్ కనెక్షన్

విజయనగరంలో మా ఇంటికి ఈ ఫైబర్ కనెక్షన్ వచ్చి నాలుగు నెలలైంది. 40 ఎంబీపీఎస్ (సెకనుకు 40 మెగాబిట్లు) ప్లాను, నెలకు 499 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 589. అంతకుముందు మా వీధి కేబుల్ వారిది 100 ఎంబీపీఎస్ ఉండేది. దాన్ని తీసేసి దీన్ని పెట్టించుకుంటున్నానంటే మా అబ్బాయి నవ్వాడు.

నేను వీణ నేర్పుతాను. ఉదయం ఆరున్నరకు డాలస్‌లో ఉన్న ఒక అమ్మాయికి జూమ్‌లో పాఠం. ఏప్రిల్‌లో తోడి వర్ణం మొదలుపెట్టాం. తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, నిలకడగా ఉండదు, ఊగుతుంది. ఆ ఊపు చేతికి వస్తేనే తోడి వచ్చినట్టు. నేను మెట్టు మీద తీగ లాగి చూపిస్తుంటే, "టీచర్ గారూ, మధ్యలో ఆగిపోయారేమిటి?" అంది. నేను ఆగలేదు. నా బొబ్బిలి వీణ నాదం మా గుమ్మం దాటలేదు, అంతే.

ఆ పాత కేబుల్ వారికి ఫిర్యాదు చేస్తే ఒక కుర్రాడు వచ్చి ఫోనులో స్పీడు కొలిచాడు. "94 వస్తోంది మేడమ్, అంతా బాగానే ఉంది" అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే పక్కన ఇంకో అంకె ఉంది: 4.6. అదేమిటి బాబూ అంటే, "అది అప్‌లోడ్ అండీ, ఇళ్లలో దానితో పనేం ఉండదు" అన్నాడు. అప్‌లోడ్ అంటే మన ఇంటి నుంచి బయటకు వెళ్లే వేగం. నా బతుకుతెరువంతా ఆ పనికిరాని అంకె మీదే ఉంది!

నిజానికి వీణకు కావలసింది చాలా తక్కువ. జూమ్‌లో సంగీతానికని ఉన్న ఒరిజినల్ సౌండ్‌లో నాణ్యత పెంచుకున్నా సెకనుకు 96 కిలోబిట్లు చాలు. (అది పెట్టుకోకపోతే తంతి నాదాన్ని ఫ్యాను చప్పుడనుకుని నొక్కేస్తుంది.) ఎక్కువ కావలసింది నా ముఖానికి: స్పష్టమైన వీడియోకు 1.2 ఎంబీపీఎస్. ముఖం, వీణ కలిపినా ఒకటిన్నర దాటదు. మరి 4.6 ఎందుకు చాలలేదు?

దొంగ ఇంట్లోనే దొరికాడు. మా అబ్బాయి రాజమండ్రిలో ఒక పెళ్లికి వెళ్లి 40 జీబీ వీడియోలు తీసుకొచ్చాడు. ఫోను ఛార్జింగ్‌లో పెట్టి పడుకోగానే అవన్నీ క్లౌడ్‌కు బయలుదేరేవి. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 4.6 మెగాబిట్లను ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 0.6 మెగాబైటు కూడా లేదు, గంటకు రెండు జీబీలు. ఆ పెళ్లి మొత్తం పైకి ఎక్కడానికి దాదాపు 20 గంటలు. తెల్లవారినా తలంబ్రాలు ఎక్కుతూనే ఉన్నాయి, వాటి వెనక క్యూలో నా గాంధారం.

అప్పుడు కాగితం తీసుకుని ఇంటి లెక్క వేశాను. టీవీలో నెట్‌ఫ్లిక్స్ 4కే పెడితే వారు చెప్పే లెక్క 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీ అయితే 5. కోడలి ఆఫీసు మీటింగు సుమారు 3. మనవడి పాటలకు 320 కిలోబిట్లు. నా పాఠం ఒకటిన్నర. అన్నీ ఒకేసారి నడిచినా 20. ఇంకో సగం చేతిలో ఉంచుకున్నా 30 చాలు. వంద దేనికి?

కొత్తవారు రెండువైపులా 40 ఇస్తున్నారు. వీణ గదిలో కొలిచాను: దిగడం 39, ఎక్కడం 38. అదీ నెట్ పెట్టె నుంచి నేరుగా లాగిన లాన్ తీగతో. పూజగది గోడ అవతల వైఫై 9కి పడిపోతుంది. పాఠం వేళ తీగే వాడండి.

లోపాలూ ఉన్నాయి. బిగించడానికి వచ్చినవాడు టేకు కిటికీ చట్రానికి అడగకుండా రంధ్రం చేశాడు. తీగను మూలలో నిలువునా మడవబోతుంటే ఆపాను. ఫైబర్ అలా మడిస్తే లోపలి వెలుగు బయటకు పోతుంది. కరెంటు పోతే పెట్టె ఆగిపోతుంది కాబట్టి దాన్ని ఇన్వర్టర్ లైనుకు మార్పించుకోవడం మన ఖర్చే. రెండుసార్లు పెట్టె మీద ఎర్రదీపం వెలిగి నెట్ ఆగిపోయింది. ఒకసారి గంటలో బాగుచేశారు, రెండోసారి ఒకటిన్నర రోజు పట్టింది. అందుకే అయిదుకు నాలుగు నక్షత్రాలు.

ఇద్దరం కలిసి వాయించడం ఈ కనెక్షన్‌తోనూ కాదు. డాలస్ అంత దూరం, నాదం అక్కడికి చేరేసరికే కాస్త ఆలస్యమవుతుంది. శ్రుతి ఎవరిది వారే పెట్టుకుంటాం, నేను వాయించాక తను వాయిస్తుంది. మొన్న అడిగాను, ఇప్పుడు గాంధారం ఊగుతోందా అని.

"మీది ఊగుతోంది టీచర్ గారూ, నాదే ఊగడం లేదు" అంది.