సిరొంచ తాలూకాలో మా ఊరి బ్యాంకు మిత్ర కేంద్రం

మహారాష్ట్రలోని గడ్చిరోలి పట్టణానికి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిరొంచ వైపు తెలుగు పల్లెలకు, కిరాణా కొట్టు పక్క గదిలో నడిచే బ్యాంకు మిత్ర కేంద్రం ఎంత ఆసరా అన్నది పింఛను మీద బతికే ఇళ్లవారికి బాగా తెలుసు. బ్యాంకు తరఫున ఊళ్లోనే డబ్బు జమ చేసుకుని, ఇచ్చే ప్రతినిధే బ్యాంకు మిత్ర. శాఖల వెలుపల ఇటువంటి ప్రతినిధులను పెట్టుకోవడానికి బ్యాంకులను రిజర్వు బ్యాంకు 2006లో అనుమతించింది. ఆధార్ జోడించిన ఖాతా ఏ బ్యాంకులో ఉన్నా, వేలిముద్ర వేసి ఒక విడతకు 10,000 రూపాయల వరకు తీసుకోవచ్చు.

పొద్దున వ్యాపారి జమ చేసిన నోట్లే మధ్యాహ్నం పింఛనుకు వచ్చిన అవ్వ చేతికి చేరతాయి, ఆమె ఖాతాలో తగ్గిన మొత్తం మిత్ర ఖాతాలో పడుతుంది. ఊరి నగదు ఊళ్లోనే తిరుగుతుంది. తునికాకు డబ్బులు పడే రోజుల్లో మాత్రం తీసుకునేవారే ఎక్కువ కాబట్టి నగదు త్వరగా అయిపోతుంది.

ఆకు కట్టలు కట్టీ కట్టీ వేలి గీతలు అరిగిపోయినవారిని యంత్రం గుర్తుపట్టదు. అప్పుడు కేంద్రం నడిపే అమ్మాయి వాళ్ల వేలు తుడిచి, "అవ్వా, ఇంకోపాలి పెట్టు, గట్టిగ ఒత్తకు" అని చెబుతుంది, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక మిగిలిన నిల్వను తెలుగులో చదివి వినిపిస్తుంది. ఈ ఓపిక, మన మాట, ఊరి మనుషులతో ఆమెకున్న పరిచయం దూరాన ఉన్న శాఖలో దొరకవు.

లోపమల్లా పని ఊరికి వచ్చినా అధికారం రాకపోవడమే. మా అమ్మ ఖాతాలో డబ్బు తగ్గి, చేతికి అందనప్పుడు, ఆ అమ్మాయి రసీదు ఇవ్వడం తప్ప ఏమీ చేయలేకపోయింది, శాఖవారేమో మరో చోటికి పొమ్మన్నారు. అటువంటి సొమ్మును ఆ రోజు తరువాత 5 రోజుల్లోగా తిరిగి జమ చేయాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. ఆ నిబంధనను కేంద్రం గోడ మీద తెలుగులో, మరాఠీలో రాసి పెట్టాలి.

ఇదే జిల్లాలోని మెండా లేఖా గ్రామసభకు 2011లో వెదురు రవాణా అనుమతి పత్రాలు ఇచ్చే హక్కు దక్కింది. అడవి సరుకు విషయంలో ఊరిని నమ్మినప్పుడు, ఫిర్యాదు నమోదు చేసి సంఖ్య ఇచ్చే పాటి అధికారం మిత్రకు ఇవ్వడానికి బ్యాంకుకు అభ్యంతరం ఉండకూడదు. అంతవరకు ఈ కేంద్రానికి నిశ్చింతగా వెళ్లండి, కానీ రసీదు తీసుకోకుండా గడప దాటవద్దు.