హామీదారుపై ఏకపక్ష డిక్రీ రద్దు: ఒక న్యాయవాద కార్యాలయం పనితీరుపై సమీక్ష

అప్పుకు హామీ ఉన్న మా బావగారిపై ఆయనకు తెలియకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది హాజరు కానప్పుడు కోర్టు ఇచ్చే ఏకపక్ష తీర్పు) వచ్చినప్పుడు, దానిని రద్దు చేయించిన న్యాయవాద కార్యాలయం గురించి ఈ సమీక్ష. న్యాయవాదులు ప్రచారం చేసుకోరాదన్న బార్ కౌన్సిల్ నియమం ఉన్నందున పేరు రాయడం లేదు. పని నాణ్యతను నిస్సందేహంగా మెచ్చుకుంటాను. కక్షిదారుకు విషయాలు చెప్పే తీరులో మాత్రం లోపాలున్నాయి.

బావగారు ఒక పరిచయస్తుడి అప్పుకు హామీ సంతకం చేసి, ఆ తరువాత అద్దె ఇల్లు మారారు. అప్పుదారు వాయిదాలు కట్టకపోవడంతో రుణదాత ఇద్దరిపైనా దావా వేయగా, సమన్లు అప్పు పత్రంలో ఉన్న పాత చిరునామాకే వెళ్లాయి. జీతం జప్తు కోసం వేసిన ఈపీ (డిక్రీ అమలు పిటిషన్)లో నోటీసు ఆఫీసుకు వచ్చేదాకా డిక్రీ సంగతే ఆయనకు తెలియదు.

ఇటువంటి స్థితిలో ఎవరికైనా మొదట నోటికి వచ్చేది ‘డబ్బు వాడుకున్నది నేను కాదు కదా’ అన్న మాటే. ఈ న్యాయవాది దానిని పిటిషన్‌లోకి రానివ్వలేదు. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప హామీదారు బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానమని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతున్నందున ఆ వాదన ఇక్కడ అక్కరకు రాదని తేల్చి, ముందుగా సమన్ల రిటర్నుకు (వాటిని ఎలా అందించారన్న నివేదిక), డాకెట్ ఉత్తర్వులకు (కేసు ఫైలులో కోర్టు రాసిన ఉత్తర్వులు) సర్టిఫైడ్ కాపీల కోసం దరఖాస్తు వేశారు. నా దృష్టిలో ఇచ్చిన ఫీజుకు తగిన పని జరిగింది ఇక్కడే. తలుపుకు సమన్లు అంటించినట్లు ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) ఇచ్చిన నివేదికలో, ఆ ఇంటిని చూపించినదెవరో, ఎవరి సమక్షంలో అంటించారో లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు 17వ రూలు ఈ వివరాలను పేర్లు, చిరునామాలతో సహా కోరుతుంది. పైగా ప్రతివాది సాధారణంగా నివసించే ఇంటికే అంటించాలంటుంది. అప్పటికే ఖాళీ చేసిన ఇల్లని చూపడానికి కొత్త అద్దె ఒప్పందాన్ని, గ్యాస్ కనెక్షన్ బదిలీ పత్రాన్ని జతచేయించారు.

సమన్ల అందజేతలో లోపం ఉన్నంత మాత్రాన డిక్రీ పోదన్న హెచ్చరిక కూడా ఆ న్యాయవాదే చేశారు. ప్రతివాదికి విచారణ తేదీ తెలిసి, హాజరై జవాబు చెప్పుకోవడానికి తగినంత సమయం ఉందని కోర్టు భావిస్తే, కేవలం ఆ లోపాన్ని చూసి రద్దు చేయరాదని 9వ ఆర్డరు 13వ రూలు చెబుతుంది. అందుకే అఫిడవిట్‌లో సగానికి పైగా డిక్రీ సంగతి ఎప్పుడు, ఎలా తెలిసిందన్న దానిమీదే నడిచింది. ఈ దరఖాస్తుకు లిమిటేషన్ (కాలపరిమితి) చట్టం 123వ ఆర్టికల్ ఇచ్చే గడువు 30 రోజులే. సమన్లు సక్రమంగా అందనప్పుడు అది డిక్రీ గురించి తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. అయినా, ముందే తెలుసని ఎదుటి పక్షం వాదిస్తుందేమోనని అదే చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్య మన్నింపు పిటిషన్ కూడా వేశారు. అది అనవసరమని కొందరు న్యాయవాదులు అనవచ్చు గానీ, నాకు అది మంచి జాగ్రత్తగానే కనిపించింది.

ఇక లోపాలు. రద్దు పిటిషన్ వేసినంతనే ఈపీ ఆగదని, స్టే కోసం విడిగా అడగాలని మేము గుచ్చి అడిగేదాకా చెప్పలేదు. డిక్రీని రద్దు చేస్తూ కోర్టు ఖర్చులు గానీ, కొంత సొమ్ము డిపాజిట్ గానీ షరతుగా పెట్టవచ్చన్నదీ ముందుగా తెలియజేయలేదు; తీరా షరతు పడ్డాక డబ్బు సర్దుబాటుకు బావగారు ఇబ్బంది పడ్డారు. వాయిదా తేదీలను జూనియర్ల ద్వారా కన్నా ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకునే ఎక్కువగా తెలుసుకున్నాము. ఫీజుకు రసీదు మాత్రం అడగకుండానే ఇచ్చారు.

డిక్రీ రద్దయినా దావా అలాగే ఉంది. హామీదారు అంగీకారం లేకుండా అప్పు షరతులు మార్చి ఉంటే, ఆ తరువాతి లావాదేవీల మేరకు ఆయన బాధ్యత తీరిపోతుందన్న కాంట్రాక్టు చట్టం 133వ సెక్షన్ వాదనను రిటన్ స్టేట్‌మెంట్‌లో (దావాకు ప్రతివాది రాతపూర్వక జవాబు) తెస్తామన్నారు. దాని ముసాయిదా మాకు ఇంకా చూపలేదు కాబట్టి, ఈ సమీక్ష రద్దు పిటిషన్ దశ వరకే వర్తిస్తుంది.