ఇనుప జాలి కోళ్ల గూడు: మూడేళ్లకు పైగా వాడిన తర్వాత

హనుమకొండ శివారులోని మా పెరట్లో ఉన్న కోళ్ల గూడు స్థానికంగా ఒక వెల్డింగ్ దుకాణంలో చేయించినది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, పైన రేకు, చుట్టూ ఇనుప జాలి, లోపల కోళ్లు ఎక్కి పడుకోవడానికి అడ్డంగా రెండు ఇనుప పైపులు, వెనుక వైపు గుడ్లు పెట్టడానికి మూడు రేకు పెట్టెలు. ధర రూ.14,000 దాకా అయింది. పన్నెండు కోళ్లకు సరిపోతుందని చెప్పారు. పిల్లి, ముంగిస, వీధికుక్కల నుంచి కాపాడే పంజరంగా దీనికి పూర్తి మార్కులు వేస్తాను. ఇన్నేళ్లలో జాలి ఎక్కడా ఊడలేదు, గడియ వదులు కాలేదు. అయితే కోడి నిద్రపోయే చోటుగా, గుడ్డు పెట్టే చోటుగా చూస్తే, చేసి ఇచ్చిన రూపంలో దీనికి సగం మార్కులు కూడా దక్కవు. ఇప్పుడు అన్ని కోళ్లూ పైకెక్కి పడుకుంటున్నాయంటే, దాదాపు అన్ని గుడ్లూ పెట్టెల్లోనే దొరుకుతున్నాయంటే, అది లోపలి అమరికను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవడం వల్లనే.

అన్నిటికంటే పెద్ద లోపం ఎత్తుల్లో ఉంది. పైపులు నేలకు రెండడుగుల ఎత్తున, గుడ్ల పెట్టెలు రెండున్నర అడుగుల ఎత్తున బిగించారు. అడవి కోడి చెట్టెక్కి నిద్రపోతుంది; ఆ స్వభావం పెరటి కోడిలోనూ పోలేదు కాబట్టి, చీకటి పడే వేళ గూటిలో అందుబాటులో ఉన్న అన్నిటికంటే ఎత్తైన చోటును అది వెతుక్కుంటుంది. ఈ గూటిలో ఆ చోటు గుడ్ల పెట్టె అయింది. రాత్రంతా అందులోనే పడుకుని రెట్ట వేయడం, తెల్లవారి అదే రెట్టలో గుడ్డు పెట్టడం, గుడ్డు పెంకు ఎప్పుడూ మురికిగా ఉండడం, శుభ్రమైన చోటు కోరే పెట్టలు ఆ పెట్టెను వదిలి గోరింట పొద కిందకు పోవడం, ఇవన్నీ ఆ అరడుగు తేడా వల్ల వచ్చిన చిక్కులే. పైపులను మూడడుగులకు లేపించి, పెట్టెలను అడుగున్నరకు దించాక వారం పది రోజుల్లో చాలా కోళ్లు పెట్టెలు విడిచి పైకెక్కాయి. పెట్టెల పైకప్పు బల్లపరుపుగా ఉండడంతో కొన్ని దాని మీద చేరాయి. అక్కడ కాలు నిలవకుండా ఏటవాలుగా ఒక రేకు బిగించవలసి వచ్చింది.

ఇక పైపుల సంగతి. "పైపయితె కర్రలెక్క చెదలు పట్టది సార్" అని దుకాణదారు చెప్పిన మాట నిజమే, మా వైపు చెదల బెడద తెలిసినవారెవరూ దాన్ని కొట్టిపారేయరు. కానీ గుండ్రటి నున్నటి ఇనుము మీద కోడి వేళ్లు జారతాయి, చలికాలంలో అది మంచులా చల్లబడుతుంది, సన్నగా ఉండడం వల్ల కోడి బరువంతా రొమ్ము ఎముక మీద ఒకేచోట పడుతుంది. రెండంగుళాల వెడల్పున్న వేప చెక్కను, అంచులు కాస్త గుండ్రంగా చెక్కించి, వెడల్పు వైపు పైకి వచ్చేలా పెట్టించాను. కోడి దాని మీద కాళ్లు పరుచుకుని కూర్చుంటుంది, డిసెంబరు చలిలో వేళ్లు ఈకల కింద దాగుతాయి. చెక్కను మేకులతో కొట్టకుండా రెండు చివరలా ఇనుప కొక్కేల్లో ఆనించడం చాలా మేలు చేసింది, ఎందుకంటే ఎప్పటికప్పుడు బయటకు తీసి ఎండలో పెట్టవచ్చు.

ఆ సౌకర్యం కోడిపేలను వదిలించడం కోసం. కోళ్లు ఉన్నట్టుండి అడ్డకర్ర ఎక్కడం మానేసి నేల మీద ముడుచుకుంటుంటే, మొండితనం అనుకోకముందు కర్ర అడుగుభాగాన్ని ఒకసారి తెల్లగుడ్డతో తుడిచి చూడాలి. పగలు సందుల్లో దాక్కుని రాత్రి కోడి రక్తం తాగే ఎర్ర పురుగులు ఉంటే గుడ్డకు ఎర్రటి చార అంటుతుంది. ఇనుప పైపుకు సందులు ఉండవని అంటారు గానీ, మూతలేని పైపు చివర అంతటి గుహ వాటికి మరొకటి దొరకదు. ఇప్పుడు చెక్కల చివరలకు, కొక్కేలకు వేపనూనె పూసి, గూటి లోపల సున్నం కొట్టిస్తున్నాను.

పన్నెండు కోళ్ల లెక్క కూడా కాగితం మీదిదే. నాలుగడుగుల అడ్డకర్రలు రెండు ఉంటే మొత్తం 96 అంగుళాలు, అంటే కోడికి 8 అంగుళాలు. నాటు పెట్టలకు అది సరిపోవచ్చు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా కోళ్లు రెండు కిలోలు దాటాక వాటికి పది అంగుళాలకు తక్కువైతే రాత్రి తోపులాట మొదలవుతుంది, బలహీనమైనది కిందకు పడుతుంది. తొమ్మిది కోళ్లకు మించి ఈ గూటిలో ఉంచవద్దని నా అభిప్రాయం. బరువైన కోడి మూడడుగుల నుంచి ఒక్క దూకుడున కిందికి దిగితే పాదం దెబ్బతిని అరికాలి వాపు వస్తుంది కాబట్టి, అడుగున్నర ఎత్తున మరొక కర్ర మెట్టులా పెట్టాను. అదే సంస్థ నుంచి వచ్చిన గ్రామప్రియ తేలిక జాతి. వాటికి ఆ మెట్టు అవసరం రాలేదు. రెండు అడ్డకర్రల మధ్య అడుగు దూరం, గోడకూ కర్రకూ మధ్య మరో అడుగు వదిలితేనే కోళ్ల తోకలు, రెట్టలు ఒకదాని మీద మరొకటి పడకుండా ఉంటాయి.

గంప కింద కమ్మి పెంచిన కోళ్ల విషయం వేరు. అవి ఏనాడూ ఎత్తు ఎక్కినవి కావు. చీకటి పడ్డాక కోడికి సరిగ్గా కనిపించదు, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కదలకుండా ఉంటుంది. ఆ సమయంలో ఒక్కొక్కదాన్ని ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టడమే మార్గం. కొన్ని సాయంత్రాలు ఇలా చేస్తే వాటంతటవే ఎక్కడం మొదలుపెడతాయి, ముఖ్యంగా గుంపులో ముందే అలవాటున్న ఒక పెద్ద పెట్ట ఉంటే మిగతావి దాని వెంట పోతాయి. మా అమ్మ మాత్రం "గంప కింద కమ్మినన్ని రోజులు ఏ కోడికీ ఈ పంచాయితి లేకుండె" అని ఇప్పటికీ అంటుంది. మునగ చెట్టెక్కి పడుకోవడానికి అలవాటైన నాటు కోళ్లను పది రోజులు గూటిలోనే ఉంచి మేత, నీరు అక్కడే పెడితే తప్ప మళ్లించలేము.

గుడ్ల పెట్టెల విషయానికి వస్తే, కొలతలు సరిగానే ఉన్నాయి: పన్నెండు అంగుళాల పొడవు, వెడల్పు, ఎత్తు. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చాలు కాబట్టి మూడు ఎక్కువే. ఎన్ని పెట్టినా అన్ని పెట్టలకూ ఒక్కటే ఇష్టం, దాని ముందు వరుస కడతాయి; ఇది గూటి లోపం కాదు. లోపాలు మరెక్కడో ఉన్నాయి. ముందు గడప లేనందున పరిచిన గడ్డి, గుడ్లు రెండూ దొర్లి కింద పడేవి. నాలుగంగుళాల పట్టీ ఒకటి అడ్డంగా కొట్టించాను. పెట్టె లోపలికి నేరుగా వెలుతురు పడేది, గుడ్డు పెట్టబోయే పెట్ట కోరేది చీకటి, చాటు. గోనెసంచిని సగం దాకా తెరలా వేలాడదీస్తే ఆ కొరత తీరింది. అడుగున వరిగడ్డి మందంగా పరచాలి. మిల్లు ఊక కూడా పనికొస్తుంది గాని, కోడి గీకగానే ఒక పక్కకు పోయి రేకు బయటపడుతుంది.

మొదటిసారి గుడ్డుకు వచ్చే పెట్ట కొన్ని రోజుల ముందు నుంచే మూలమూలా తిరిగి చోటు చూసుకుంటుంది. జుట్టు ఎర్రబడినప్పుడు, మనం దగ్గరకు వెళ్తే రెక్కలు కాస్త విప్పి నేలకు ఒదిగినప్పుడు సమయం దగ్గరపడిందని తెలుస్తుంది. అప్పటిదాకా పెట్టెలకు పలక అడ్డుపెట్టి మూసి ఉంచి, ఆ గుర్తులు కనిపించగానే తెరవడం మంచిది. ముందే తెరిచి ఉంచితే పడుకునే అలవాటు పట్టుకుంటుంది. లోపల గుడ్డు ఆకారంలో నున్నటి తెల్లరాయి ఒకటి పెడితే, ఇంకో కోడి ఇక్కడ పెట్టింది కదా అన్న ధైర్యం కొత్త పెట్టకు కలుగుతుంది. గుడ్లు ఎక్కువగా ఉదయం పూటే పెడతాయి కనుక పది గంటలు దాటాక గూటి తలుపు తీస్తే పొదల్లో వెతికే పని చాలావరకు తప్పుతుంది. నేల మీద దొరికిన గుడ్డును మాత్రం క్షణం కూడా అక్కడ ఉంచకూడదు, దాన్ని చూసి మరొకటి అక్కడే పెడుతుంది. పెట్టెల కింద ఏర్పడే చీకటి మూల ఇందుకు పెద్ద ఆకర్షణ. అక్కడ ఇటుకలు పేర్చేశాను.

పొదుగుకు వచ్చిన నాటు పెట్ట ఒక పెట్టెను ఆక్రమిస్తే మిగతావి దాని పక్కనే, దాని కిందే గుడ్లు పెడుతూ పోతాయి, ఏవి పాతవో ఏవి కొత్తవో తెలియక పొదుగు చెడుతుంది. పిల్లలు కావాలనుకుంటే రాత్రి వేళ గుడ్లతో సహా దాన్ని వేరే గంపలోకి మార్చి 21 రోజులు ప్రశాంతంగా వదిలేయాలి. వద్దనుకుంటే అడుగు జాలితో ఉన్న చిన్న పంజరంలో మేత, నీళ్లతో కొన్ని రోజులు ఉంచితే పొదుగు విరుగుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఈ గూడు అసలు పరీక్షకు నిలబడలేదు. పైరేకు రాత్రి తొమ్మిదికి కూడా చల్లారదు, దాని కింద పైకర్ర మీద కోళ్లు నోరు తెరిచి రొప్పుతూ చివరకు నేలకు దిగేవి. రేకు మీద తాటికమ్మలు మందంగా కప్పి, పైకర్రకూ రేకుకూ మధ్య అడుగు ఖాళీ ఉండేలా చూసుకున్నాక ఇది తగ్గింది. రేకు పెట్టెలు మాత్రం ఎండాకాలంలో ఎందుకూ కొరగావు. వాటి స్థానంలో మెడ విరిగిన పాత మట్టి గోలెం ఒకటి పక్కకు పడుకోబెట్టి, చుట్టూ ఇటుకలు ఆనించి, గడ్డి వేశాను. నాటు పెట్టలు ఆ రోజు నుంచి రేకు పెట్టెల వైపు చూడలేదు. మరో రెండు చెక్క పెట్టెలు చేయించాను.

ఇటువంటి గూడు చేయించుకోబోయేవారు జాలి, గడియ, కాళ్లు ఇదే విధంగా తీసుకోవచ్చు. పైపులు, రేకు పెట్టెలు వద్దని చెప్పి ఆ డబ్బు తగ్గించమని అడగాలి. కొక్కేలు మాత్రం మూడు ఎత్తుల్లో పెట్టించుకోవాలి. గుడ్లు తీసే మూత గూటి బయటి వైపునే ఉండేలా చూసుకోవాలి. మాకు అది లోపలికి ఉంది, వానలో గుడ్ల కోసం వంగి గూటిలోకి దూరడం నాకే కష్టంగా ఉంది, మా అమ్మకు సాధ్యమే కాదు.