ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో సింథటిక్ గేర్ ఆయిల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నాది మాన్యువల్ గేర్లున్న పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లేది. ముందూ వెనకా డిఫరెన్షియళ్లు (ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లు), ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంపేది), గేర్‌బాక్స్, ఈ నాలుగింటి ఆయిల్ కొన్నేళ్లుగా నేనే మార్చుకుంటున్నాను. డిఫరెన్షియళ్లలో మినరల్ 80డబ్ల్యూ-90 ఆయిల్ మానేసి, చలిలో అంతగా చిక్కబడని సింథటిక్ 75డబ్ల్యూ-90 పోయడం మొదలుపెట్టాక చలి ఉదయాల్లో బండి ఈడ్చుకుపోతున్నట్టు ఉండటం తగ్గింది. మైలేజీ పెరిగిందంటే మాత్రం నేను నమ్మను. పళ్లు అరిగి కూత పెడుతున్న డిఫరెన్షియల్ నోరు ఏ ఆయిలూ మూయించలేదు.

బ్రాండ్ కంటే డబ్బా మీది గ్రేడ్ చూసుకోవాలి. డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేర్లకు (పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగేవి) జీఎల్-5 గ్రేడ్ కావాలి. అదే మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోస్తే అందులోని గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేసే ప్రమాదం ఉంది, అందుకే చాలా గేర్‌బాక్సులకు జీఎల్-4 చెబుతారు. ట్రాన్స్‌ఫర్ కేస్‌కు కొన్ని బండ్లలో గేర్ ఆయిల్, కొన్నిట్లో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్). ఇక్కడ బండి పుస్తకం మాటే చెల్లాలి.

పనిలో ఒక్క నియమం తప్పకూడదు. ముందు పై ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింది డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోవాలి. పైది తుప్పుపట్టి బిగుసుకుంటే, ఉన్న ఆయిల్ పోయి కొత్తది పోసే దారి ఉండదు. కాసేపు తిప్పి వెచ్చబడ్డాక దించితే మడ్డి కూడా వస్తుంది. బండి సమంగా నిలబెట్టి, ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి కారేదాకా హ్యాండ్ పంపుతో ఎక్కించాలి. వాషర్లు కొత్తవి వేయాలి. ఆ వాసన చేతుల్ని ఓ పట్టాన వదలదు, పాత చొక్కా వేసుకోండి.

డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు అంటుకుంటే మామూలే. పలుకులు గుచ్చుకుంటే ఆలోచించాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా వస్తే నీళ్లు చేరినట్టే, అప్పుడు బ్రీదర్ (యాక్సిల్ లోపలి గాలి వచ్చిపోయే రంధ్రం) చూడాలి. వేడెక్కిన యాక్సిల్ వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. బ్రీదర్‌కు గొట్టం తగిలించి పైకి, ఇంజన్ గది దాకా తీసుకెళ్లడం నా దృష్టిలో ఖరీదైన ఆయిల్ కంటే మేలైన ఖర్చు. నీళ్లలో బాగా మునిగిన బండికి కిలోమీటర్ల లెక్క పక్కనపెట్టి వెంటనే ప్లగ్ విప్పి చూడటమే.

ముందు డిఫరెన్షియల్ వాడకం తక్కువని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఫ్రీవీల్ హబ్బులున్న (ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీయగల) బండ్లలో అది తిరగకపోతే పై గేర్లకు ఆయిల్ చిమ్మదు, కాబట్టి నెలకోసారి మట్టిదారిలో కాసేపు 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే హై రేంజ్‌లో) నడుపుతాను. పొడి తారురోడ్డు మీద మాత్రం వద్దు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సంగతి వేరు. చాలావాటిలో ఇంజన్ నడుస్తుండగా, నిర్దిష్ట ఉష్ణోగ్రతలో మట్టం చూడాలి. అది వర్క్‌షాపుకే వదిలేయండి.