జింక్ లాక్టేట్, 100 గ్రాముల సీసా: ఆరబెట్టి వాడితేనే

ఇంజెక్షన్‌తో ఒంట్లోకి వెళ్లి, మందుని కొద్దికొద్దిగా వదులుతూ కరిగిపోయే సన్నటి రేణువుల కోసం నేను ల్యాబ్‌లో పాలీలాక్టిక్ యాసిడ్ అనే పాలిమర్ (పొడుగాటి గొలుసుల్లాంటి అణువులు) తయారుచేస్తాను. పాలిమర్ కరిగిపోతుంది సరే, అది తయారవడానికి ఉత్ప్రేరకంగా వేసిన లోహం మాటేమిటి? డైక్లోరోమీథేన్‌లో కరిగించి, మిథనాల్‌లో పోసి ఎన్నిసార్లు శుభ్రం చేసినా కొంత మిగిలే ఉంటుంది. ఇన్నాళ్లూ అందరిలాగే టిన్ ఆక్టోయేట్ వాడాను. పని విషయంలో దానికి వంక పెట్టలేను. కానీ రోగి ఒంట్లో టిన్‌కి ఏ పనీ లేదు. జింక్ అలా కాదు, రోజూ తిండిలో మనకి కావాల్సిందే. పైగా లాక్టేట్ అంటే ఆ పాలిమర్ విడిపోయాక వచ్చే లాక్టిక్ యాసిడ్ తాలూకు ముక్కే. అందుకే ఈ సీసా తెప్పించాను.

తెల్లటి పొడి, వాసన లేదు, తూచడం తేలిక. పాలిమర్‌కి ముడిసరుకు లాక్టైడ్. 10 గ్రాముల లాక్టైడ్‌కి, వెయ్యి అణువులకి ఒక జింక్ లాక్టేట్ అణువు లెక్కన, సుమారు 17 మిల్లీగ్రాములు చాలు. మొదటిసారి సీసాలోంచి నేరుగా తీసి వేశాను. రెండో రోజు కూడా మందం రాలేదు. గాజు కడ్డీ ముంచి ఎత్తితే చారులా జారిపోయింది. లాక్టైడ్ పాడైందేమోనని టెన్షన్ పడి దాన్ని మళ్లీ స్ఫటికీకరించాను, రెండు రోజులు వృథా. చివరికి అనుమానం వచ్చి ఒక గ్రాము పొడిని 110 డిగ్రీల దగ్గర వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా పెడితే ఉదయానికి 0.82 గ్రాములే మిగిలింది. అంటే ఒక్కో జింక్ లాక్టేట్‌కి మూడు నీటి అణువులు అంటుకుని ఉన్నాయి! లేబుల్ మీద ఆ ముక్క రాయలేదు. ఈ పనిలో నీరు ఊరుకోదు, ఒక్కో నీటి అణువూ ఒక్కో కొత్త గొలుసు మొదలుపెడుతుంది. గొలుసుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కోటి పొట్టిదవుతుంది. నా చారు కథ అదే. అమ్మినవాళ్లు ఈ ఒక్క మాట రాసుంటే నా వారం మిగిలేది.

ఆరబెట్టిన పొడితో, నైట్రోజన్ కింద, 140 డిగ్రీల దగ్గర మళ్లీ చేశాను. టిన్‌తో అయితే భోజనం చేసి వచ్చేసరికి చిక్కబడేది. దీనికి మర్నాడు ఉదయం దాకా ఆగాల్సి వచ్చింది. వెళ్లి చూస్తే తిరగాల్సిన అయస్కాంతం పుల్ల కదలకుండా ఇరుక్కుపోయి ఉంది. కడ్డీ పెట్టి లాగితే అరిసెల పాకంలా కాదు, అంతకంటే చాలా పొడుగ్గా, సన్నటి తీగ వచ్చింది. టిన్‌తో వచ్చేదానికి లేత పసుపు ఉండేది, ఇది నీళ్లలా తేటగా ఉంది.

తొందరలో ఉన్నవాళ్లకి, కవర్లూ కప్పులూ చేసేవాళ్లకి ఇది చెప్పను. ఒంట్లోకి వెళ్లే పాలిమర్ చేసేవాళ్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. అయిదులో నాలుగు చుక్కలు, ఒకటి ఆ లేబుల్‌కి తగ్గించాను. సీసా ఇప్పుడు డెసికేటర్‌లో, అంటే తేమ తగలని మూత పాత్రలో ఉంది, సీసా మూత మీద "ఆరబెట్టకుండా వాడొద్దు" అని నేనే రాసి అంటించాను.